దానయ్య మీద ఇరవై నాలుగో కేసు

మార్చి 26, బుధవారం

మధ్యాహ్నం మూడింటికి డీఎస్పీ ఆఫీసు నుంచి ఫోను. ఈ నెల పెట్టీ కేసులు ఎన్నయ్యాయని. ఎనిమిది సార్ అన్నాను. పన్నెండు ఉండాలి కదమ్మా అన్నారు. మార్చికే ఈ ఎండ, మనుషులు ఇళ్లలోంచి తల బయట పెట్టడం లేదు. బజార్లో తాగి గొడవ చేసేవాళ్లను నేనెక్కడి నుంచి తేవాలి? ఆ మాట అనలేదు. సరే సార్ అన్నాను. పద్దెనిమిదేళ్ల సర్వీసులో నేను ఎక్కువసార్లు అన్న మాట అదే.

మూడు దొరికాయి. నాలుగోది దానయ్య.

దానయ్య సంగతి ఇక్కడ ఎప్పుడూ రాసినట్టు లేదు. తొమ్మిదేళ్లుగా స్టేషన్ రైటర్‌గా కేసు కాగితాల్లో రాస్తూనే ఉన్నాను, ఇంటికొచ్చి మళ్లీ రాయబుద్ధి కాలేదేమో. పత్తి మిల్లులో హమాలీ. 2016లో నిజంగానే తాగి బస్టాండులో కండక్టర్‌ను తిట్టాడు, నిజంగానే కేసు రాశాను. ఆ తర్వాత ఒక నెలాఖరున ఒకటి తక్కువైతే, అప్పటి ఎస్ఐ గారు "ఆ తాగుబోతు పేరు ఇంకోసారి రాసెయ్" అన్నారు. దానయ్యను పిలిచి నేనే చెప్పాను. ఇక్కడ సంతకం పెట్టు, కోర్టులో తప్పయిపోయిందయ్యా అను, జరిమానా మేం కడతాం, నీకేం కాదు. అతను అలాగే చేశాడు. కోర్టు నుంచి వచ్చేటప్పుడు బిర్యానీ పొట్లం ఇప్పించాం. అప్పటి నుంచి అదే మామూలైంది. పెళ్లాం శేషమ్మకు ఒక పక్క పడిపోయాక, నాలుగేళ్ల కింద తాగుడు మానేశాడు. కేసులు మాత్రం మానలేదు.

ఇవాళ కండువాతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు.

"ఈసారి ఎక్కడ తాగా రైటరమ్మా?"

"బస్టాండులో."

"ఎప్పుడూ బస్టాండేనా. ఈసారి సంతలో రాయి, కాస్త మార్పుగా ఉంటది."

నవ్వొచ్చింది. రోజా ఉపవాసంలో ఉండి అబద్ధం రాసి, పైగా నవ్వాను.

మార్చి 31

ఈద్. సగం రోజు సెలవు. అమ్మీ సేమియా వండింది కానీ పంచదార బదులు ఉప్పు డబ్బా తీసింది. కళ్లు బాగా మందగించాయి. ఇక ఆపరేషన్ వాయిదా వేయకూడదు. రెండోసారి నేనే వండి దానయ్య ఇంటికి ఒక గిన్నె పంపాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

కొత్త ఎస్ఐ ఉపేంద్ర గారికి ఇరవై తొమ్మిదేళ్లు. నాదెండ్ల పక్క రైతు బిడ్డ. జీపు సొంత పనికి తీయడు, ఎవరినీ ఒరేయ్ అనడు. ఇట్లాంటివాడు ఈ స్టేషన్‌కు రావడం నేను చూడలేదు.

పైనుంచి కాగితం వచ్చింది. పదికి మించి కేసులున్న వాళ్లందర్నీ తహసీల్దార్ ముందు బైండోవర్ చేయాలి. సార్ కంప్యూటర్‌లో జాబితా తీశారు. మొదటి పేరు దానయ్య.

"ఇరవై మూడు కేసులా? ఈ మనిషి ఇంకా బయట ఎట్లా తిరుగుతున్నాడు మేడం?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట. అవి నేను రాసినవి సార్, అతను చేసినవి కావు. గదిలో ఇంకెవరూ లేరు కూడా.

"పాత తాగుబోతు సార్. ఇప్పుడు తగ్గించాడు," అన్నాను. అది అబద్ధం కాదు. పూర్తి అబద్ధం కాదు.

ఏప్రిల్ 9

బైండోవర్ అయిపోయింది. తహసీల్దార్ జ్యోతిర్మయి గారు నిదానంగా, మర్యాదగానే చెప్పారు. ఏడాది పాటు మంచిగా ఉంటానని ఈ బాండు. ఈ లోపల నీ మీద ఒక్క కేసు పడినా, మిగిలిన రోజులన్నీ జైల్లో ఉండాలి. దానయ్య అన్నిటికీ తల ఊపాడు. బయటికొచ్చాక అడిగాడు.

"అంటే ఏంది రైటరమ్మా?"

"ఏడాది దాకా నీ మీద కేసు పడకూడదు."

"రాసేది నువ్వేగా."

"అందుకే చెప్తున్నా. నేను రాయను. నీకేం కాదు."

ఒక రకంగా ఇది మంచికే అనిపిస్తోంది. ఏడాది పాటు అతని పేరు ఎవరూ ముట్టుకోలేరు. ఏడాది తర్వాత అలవాటు తప్పిపోతుంది. ఎస్ఐ గారికి చెప్పకపోవడమే నయమైంది. చెప్పి ఉంటే ఇరవై మూడు కేసులూ తవ్వేవాళ్లు, ముగ్గురు పాత ఎస్ఐలు, నేను ఇరుక్కునేవాళ్లం, ఎవరికి లాభం?

కానిస్టేబుల్ వెంకటేష్ మాచర్ల బందోబస్తులో ఉన్నాడు. నేను లేనప్పుడు పెట్టీలు రాసేది అతనే. రాగానే చెప్పాలి, దానయ్య పేరు ముట్టుకోవద్దని.

ఏప్రిల్ 16

ఊళ్లో పెద్దింటి అల్లుడు గోపీచంద్ మళ్లీ తాగి కారు నడిపాడు. పట్టపగలు, సెంటర్‌లో దోసకాయల బండి తిరగబడింది. బండామె మోచేయి చీరుకుపోయింది. ఎప్పటిలాగే వాడి మామగారి దగ్గర్నుంచి ఫోను వస్తుందని ఎదురు చూశాను. ఈసారి అదీ రాలేదు, అవసరం పడలేదు.

ఎస్ఐ గారు కంప్యూటర్‌లో పేరు కొట్టి చూశారు. ఒక్క కేసూ లేదు. "మొదటి తప్పు మేడం. బండామెకు నష్టం ఇప్పించి, గట్టిగా మందలించి పంపిద్దాం. కుర్రాడు పాడవకూడదు."

మొదటిది కాదు. ఐదోది. నాలుగుసార్లు నాలుగు ఫోన్లు వచ్చాయి, నాలుగుసార్లు నేను కలం మూశాను. ఈ మనిషి ఎవరి మాటా వినకుండా, న్యాయంగా ఆలోచించి, వాణ్ణి వదిలేశాడు. ఆయన చూసే కంప్యూటర్ నేను నింపిందే.

ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద అంటే చెప్పలేను. వచ్చి అమ్మీ మీద అరిచాను.

ఏప్రిల్ 22

వెంకటేష్ మాచర్ల నుంచి వచ్చాడు. చెప్పాలి. సమన్ల పనిలో పడి మరిచాను. రేపు.

ఏప్రిల్ 29, మంగళవారం

నరసరావుపేటలో అమ్మీకి కంటి ఆపరేషన్. బాగా జరిగింది, అల్లా దయ.

అమ్మీకి మోకాళ్లలో సత్తువ లేదు, మనిషి బరువు. ఆసుపత్రి రెండో అంతస్తు, లిఫ్టు పని చేయడం లేదు. నాకిది ముందే తెలుసు కాబట్టి దానయ్యను రమ్మన్నాను. శేషమ్మను నాలుగేళ్లుగా ఎత్తి దించేవాడు, అతనికి తెలిసినంత నాకేం తెలుసు. మిల్లు పని మానుకుని వచ్చాడు. శేషమ్మ దగ్గర పక్కింటి కృపామణిని కూర్చోబెట్టి వచ్చాడట.

పొద్దున ఎక్కించాడు, సాయంత్రం దించాడు. దించేటప్పుడు గోడ గడియారం ఆరు దాటింది. నేను మందుల సంచి పట్టుకుని వెనక దిగుతున్నాను. మధ్య మెట్ల మీద ఆగి నాకు పాఠం చెప్పాడు.

"నడుం కింద చెయ్యి పెట్టాల. గబుక్కున లేపగూడదు. మనిషి ఊపిరి వదిలిందాకా ఆగి, అప్పుడు లేపాల. అప్పుడు నొప్పి తెలవదు."

అమ్మీ కంటికి కట్టుతోనే అతని భుజం తడిమి "బేటా" అంది. స్టేషన్‌లో దానయ్యా అని పిలిచే నేను బస్సులో అన్నా అన్నాను. అతను గమనించాడో లేదో. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు.

ఏప్రిల్ 30

రెండు గంటలకొకసారి కంట్లో చుక్కలు. సెలవు రేపటి దాకా పొడిగించుకున్నాను. పొద్దున్నే వెంకటేష్ ఫోను. "నెలాఖరు మేడం, పెట్టీ ఒకటి తగ్గింది. ఎవర్ని చూద్దాం?"

"ఎవర్నో ఒకర్ని చూడు," అన్నాను. అమ్మీ పిలిచింది. పెట్టేశాను.

మే 2, శుక్రవారం

మధ్యాహ్నం డ్యూటీలో చేరాను. నాలుగింటప్పుడు గేటు దగ్గర దానయ్య. చేతిలో బిర్యానీ పొట్లం.

ఆ పొట్లం చూడగానే లేచి గేటు దగ్గరికి పోయాను.

"ఎక్కడి నుంచి?"

"కోర్టు నుంచి. నువ్వు లేవుగా, వెంకటేష్ సారు తీసకపోయాడు. మామూలుదే రైటరమ్మా. మొన్న పొద్దున పిలిపిచ్చాడు, మిల్లుకు పోతా పోతా సంతకం పెట్టొచ్చా."

"బాండు ఉంది కదా. నీ మీద కేసు పడకూడదని చెప్పలేదా నేను?"

అతనికి నా గొంతు ఎందుకలా అయిందో అర్థం కాలేదు. "నేను తప్పు చేయలా గదమ్మా. మీ పని చేశా."

లోపలికి వెళ్లి ఫైలు తీశాను. ఏప్రిల్ 29, సాయంత్రం ఆరు గంటలు. బస్టాండు ఆవరణలో మద్యం సేవించి ప్రయాణికులకు ఇబ్బంది కలిగించుచుండగా. ఇవాళ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, జరిమానా కట్టాడు. అయిపోయింది. ఇరవై నాలుగు.

ఆరు గంటలకు అతను నరసరావుపేటలో మా అమ్మను ఎత్తుకుని మెట్లు దిగుతున్నాడు.

వెంకటేష్‌ను తిట్టాను. నోటికొచ్చినంత తిట్టాను. అతను విని, చివర్న ఒకే మాట అన్నాడు. "బాండు సంగతి నాకెవరు చెప్పారు మేడం? ఎప్పుడూ రాసే పేరే కదా అని రాశా."

మే 3

ఎస్ఐ గారికి చెప్పాలి. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆయన నిజాయితీపరుడు, వినేసి ఊరుకోడు, పైకి రాస్తాడు. ఇరవై మూడు కేసుల మీద నా చేతిరాత. సస్పెన్షన్. ఏఎస్ఐ ప్రమోషన్ జాబితా ఈ నెలలోనే. అమ్మీకి రెండో కన్ను చేయించాలి.

పై వాళ్లు ఈ కేసు చూడకపోవచ్చు. చానా స్టేషన్లు, చానా పేర్లు.

మే 6

చూశారు. మనుషులు చూడలేదు, కంప్యూటరే చూసింది. దానయ్య పేరు పక్కన ఎర్రగా వచ్చిందట.

"చూశారా మేడం, నెల కూడా ఆగలేదు," అన్నారు ఎస్ఐ గారు. ఆయనకు కోపం కన్నా బాధ ఎక్కువగా ఉంది. "ఇట్లాంటి వాళ్లకు ఒక అవకాశం ఇవ్వాలనే నేనూ అనుకుంటాను. ఇచ్చాం కదా."

"సార్, ఆ కేసు..."

చేతిలో కాగితం కింద పెట్టి నా వంక చూశారు. వినడానికి సిద్ధంగా ఉన్నారు.

"ఆ కేసు వెంకటేష్ రాశాడు సార్," అన్నాను.

"ఎవరు రాస్తే ఏముంది మేడం," అని మళ్లీ కాగితం తీసుకున్నారు.

మే 9

చెప్పలేదు.

మే 11

దానయ్య ఇంటికి వెళ్లాను, నోటీసు ఇవ్వడానికి. వేరేవాళ్లను పంపొచ్చు. నేనే వెళ్లాను. ఒకే గది, శేషమ్మ మంచం తలుపుకెదురుగా వేసి ఉంది, గాలి తగలాలని. అతను ఆమె తల దువ్వుతున్నాడు. నోటీసు తీసుకుని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "బుధవారమా? పొద్దున్నేనా? సాయంత్రం బస్సుకి వచ్చేయొచ్చుగా, ఈమెకి అన్నం పెట్టాల," అన్నాడు. చూద్దాం అన్నాను.

శేషమ్మ నన్ను చూసి నవ్వింది. ఒక పక్క మూతే కదులుతుంది. "సేమియా బాగుందమ్మా," అంది. ఎప్పటి సేమియా. నేనే మరిచిపోయాను.

మే 13

రేపు తహసీల్దార్ గారి ముందు చెప్పేస్తాను. ఎస్ఐ గారికి ముందు చెప్పడం కన్నా అదే మేలు, అందరి ముందు ఒకేసారి. చిన్న మాటే. "అమ్మా, ఆ రోజు ఆ టైముకి ఇతను నాతో ఉన్నాడు." అద్దం ముందు మూడుసార్లు అన్నాను. ఎవరితో మాట్లాడుతున్నావే అంది అమ్మీ. ఆమెకిప్పుడు ఆ కన్ను బాగా కనిపిస్తోంది. నా ముఖం చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

మే 14, బుధవారం

రాయాలి. జరిగింది జరిగినట్టు రాయాలి.

జీపులో దానయ్యకు చెప్పాను. "అన్నా, అక్కడ నువ్వేం మాట్లాడొద్దు. నేను చెప్తాను." సరేనన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

తహసీల్దార్ గారి గది. ఆమె, ఎదురుగా ఎస్ఐ గారు, పక్కన నేను ఫైలుతో, గోడ వారగా దానయ్య. ఫ్యాను తిరుగుతోంది, కాగితాల మీద పేపర్‌వెయిట్ ఉంది, నీలం రంగుది. ఎస్ఐ గారు విషయం చెప్పారు. ఆమె దానయ్య వైపు తిరిగారు.

"ఇరవై తొమ్మిదో తారీకు సాయంత్రం బస్టాండులో తాగి గొడవ చేశావా? కోర్టులో ఒప్పుకున్నావంట. నువ్వు చెప్పుకునేది ఏమన్నా ఉందా?"

దానయ్య నా వంక చూశాడు.

నేను ఫైలు వంక చూశాను.

అతను ఆగాడు. నేను చెప్తానని చెప్పాను కదా, అందుకని ఆగాడు. ఆమె కూడా ఆగారు, తొందర పెట్టలేదు. ఒక మనిషి ఒక వాక్యం చెప్పడానికి సరిపడా సమయం ఇచ్చారు. రెండు వాక్యాలకు కూడా సరిపోయేది. నా నోట్లో నాలుక ఎండిపోయి ఉంది. అది ఎండ అని రాయాలనిపిస్తోంది. ఎండ కాదు.

ఇక నేను మాట్లాడనని అతనికి తెలిసిపోయింది. అప్పుడు చేతులు కట్టుకుని, నేను తొమ్మిదేళ్ల కింద నేర్పిన మాట అన్నాడు.

"తప్పయిపోయిందమ్మగారూ."

వచ్చే ఏప్రిల్ ఎనిమిది దాకా జైలు. దాదాపు పదకొండు నెలలు. ఆమె సంతకం పెట్టారు.

బయట వరండాలో, ఎస్ఐ గారు ఫోన్‌లో ఉండగా, దానయ్య నన్ను అడిగాడు. "నువ్వు మాట్లాడలా. సరే, మనకు మామూలే గదా అని నేనే చెప్పేశా. జరిమానా కట్టారా? ఇంక పోవచ్చా?"

నేను చెప్పలేకపోయాను. ఎస్ఐ గారు వచ్చి చెప్పారు. దానయ్య మొదట నవ్వాడు, ఏదో పొరపాటు అనుకున్నట్టు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. తొమ్మిదేళ్లలో ఎప్పుడూ నన్ను తాకలేదు. "ఆమె తల దగ్గర గంజి పెట్టి వచ్చా రైటరమ్మా. సాయంత్రం దాకే పెట్టొచ్చా."

మే 15

నిద్ర లేదు. పొద్దున్నే రాశాను, స్టేషన్ జనరల్ డైరీ, జీడీలో రాసే పద్ధతిలోనే.

"మే 15. ఉదయం 5.40. హెడ్ కానిస్టేబుల్, స్టేషన్ రైటర్ నిఖత్ అను నేను వ్రాయునది ఏమనగా, ఏప్రిల్ 29 సాయంత్రం 6 గంటలకు దానయ్య బస్టాండులో లేడు. నరసరావుపేటలో కంటి ఆసుపత్రి మెట్ల మీద నాతో ఉన్నాడు. నా తల్లిని ఎత్తుకుని ఉన్నాడు. అతని మీద ఉన్న ఇరవై నాలుగు కేసులలో మొదటిది మాత్రమే నిజం. మిగిలిన వాటిలో ఇరవై రెండు నేను వ్రాసితిని. చివరిది నేను చెప్పనందున వ్రాయబడినది."

దీన్ని రాయాల్సింది స్టేషన్ జీడీలో. అక్కడ రాస్తే చెరపడానికి ఉండదు. ఇక్కడ రాశాను. ఎవరూ చదవరని తెలిసే రాశాను.

రేపు ఎస్ఐ గారికి ఇస్తాను.

మే 16

సార్ గుంటూరు మీటింగుకు వెళ్లారు.

మే 19

సార్ ఉన్నారు.

మే 24

ప్రమోషన్ జాబితా వచ్చింది. మూడో పేరు నాది. ఎస్ఐ గారు స్వయంగా స్వీట్లు తెప్పించారు. "మీలాంటి రైటర్ ఉంటే రికార్డు మీద నమ్మకం ఉంటుంది మేడం," అన్నారు. తిన్నాను.

మే 31, శనివారం

డ్యూటీకి పోయే ముందు ఒకసారి, దిగాక ఒకసారి శేషమ్మ దగ్గరికి వెళ్తున్నాను. పగలు కృపామణి చూస్తోంది, ఆమెకూ కూలి పనులున్నాయి. మొదటి వారం మేమిద్దరం సరిగా ఎత్తలేక వీపు మీద పుండ్లు పడ్డాయి. ఇప్పుడు నాకు చేతనవుతోంది.

ఇవాళ నెలాఖరు. సాయంత్రం వెంకటేష్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఒకటి తగ్గింది మేడం. మిల్లులో ఇంకో హమాలీ ఉన్నాడు, అప్పుడప్పుడు తాగుతాడు. రాయమంటారా?" నేను తల ఎత్తలేదు. కాసేపు నిలబడి, నిలబడి, వెళ్లి రాసుకున్నాడు. బస్టాండు అనే రాశాడు.

అక్కడి నుంచి నేరుగా శేషమ్మ దగ్గరికి పోయాను. ఇంకా పొద్దుంది. వీపు తుడిచి మందు రాస్తుంటే అడిగింది.

"నువ్వే ఎందుకమ్మా ఇదంతా చేత్తన్నావు? పోలీసోళ్లలో ఇంత మంచోళ్లు ఉంటారని నాకు తెలవదు."

పక్కకు తిప్పడానికి వంగాను.

"ఆ రోజు పోయేటప్పుడు నాకు చెప్పి పోయాడు. కోర్టు పనుంది, సాయంత్రానికొత్తా, రైటరమ్మ ఉంది, ఏం కాదు అని." మూతి ఒక పక్కే కదులుతోంది, మాట మాత్రం స్పష్టంగానే వచ్చింది. "ఆయనకి అక్కడేం కాదుగదమ్మా?"

నడుం కింద చెయ్యి పెట్టాను. ఊపిరి వదిలిందాకా ఆగాను.

"ఏం కాదు," అని లేపాను.